టవరుకి అడ్డంగా సండే స్కూల్

ఇన్నేళ్ళూ ఈ మాట గుండెల మీద పెట్టుకుని తిరిగానండీ. మోకాళ్ళ మీద ప్రార్థన చేసేటప్పుడు కూడా చిన్నా చితకా తప్పులన్నీ ఏకరువు పెట్టి, దీని దగ్గరకొచ్చేసరికి ఆమెన్ అనేసి లేచిపోయేదాన్ని. దేవుడికి తెలీదా? తెలుసు. అయినా నా నోటితో అనకపోతే అది జరగనట్టేనని నాకో వెర్రి నమ్మకం. మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలీదు. అందుకే మీకు చెబుతున్నాను.

మా ఊళ్ళో నన్ను టీచరమ్మ గారంటారు. నేను చదివింది ఏడో తరగతి. మా గేదెల పాకలో పిల్లలకి సండే స్కూల్ పెట్టాను కాబట్టి ఆ పేరొచ్చింది. పాస్టరు గారు ప్రసంగం మధ్యలో నన్ను చూపించి "ఈ అమ్మను చూసి నేర్చుకోండి" అంటారు. అది ఎందుకు పెట్టానో తెలిస్తే నా మొహం చూడరు.

మా ఊరు ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం వెళ్ళే హైవే పక్కనే. మా మామగారు పోయే ముందు పొలం రెండు ముక్కలు చేసి, "పెద్దకోడలివి, ఏది కావాలో నువ్వే కోరుకో" అన్నారు. నేను కాలవ వైపుది కోరుకున్నాను. నీళ్ళుంటాయి, గేదెలు బతుకుతాయి. హైవే వైపుది ఎవరిక్కావాలి, లారీల దుమ్ము, హారన్ల గోల! అది మా తోటికోడలు సువార్త వాళ్ళకెళ్ళింది. పిచ్చిది, ఏదిచ్చినా నవ్వుతూ పుచ్చుకునే రకం. నేను లోలోపల మురిసిపోయాను కూడా.

మా మరిది, అంటే సువార్త భర్త, కొల్లేరులో చేపల చెరువు చేసేవాడు. సరస్సులో చెరువులు ఉండకూడదని ప్రభుత్వం వాళ్ళు గట్లు తెంచేసిన ఏడు వాళ్ళదీ పోయింది. చేపా పోయింది, పెట్టుబడీ పోయింది. మనిషి ఎవరితోనూ మాట్లాడకుండా అరుగు మీద కూర్చునేవాడు. వాళ్ళింటికి బియ్యం నేనే పంపేదాన్ని. నిజం చెప్పాలి కదా, ఆ పంపడంలో నాకో సుఖం ఉండేది.

అలాంటప్పుడు ఒక రోజు సెల్ టవర్ కంపెనీ వాళ్ళు జీపు దిగారు. హైవే పొడుగునా సిగ్నల్ అందాలట, మా ఊరి దగ్గరొక టవరు కావాలట. చేతిలో ఏదో మిషను పట్టుకుని అటూ ఇటూ నడిచి, సువార్త వాళ్ళ ముక్కే బాగుందన్నారు. నెలనెలా అద్దె ఇస్తారు. టవరుకి కాపలా పని కూడా మా మరిదికే. కూర్చున్న చోటికి జీతం!

ఒళ్ళు మండిపోయిందండీ. నేను వద్దన్న ముక్క! ఆ రోజు మామగారి ముందు నేను ఇటు కాకుండా అటు చూపించుంటే అదంతా నాది. అన్నం సయించలేదు. "పోన్లేవే, తమ్ముడు ఒడ్డున పడ్డాడు" అన్నందుకు మా ఆయన మీద కూడా విరుచుకుపడ్డాను. సువార్త కొత్త చీర కట్టుకుని వచ్చి, ఇక బియ్యం పంపనక్కర్లేదని నాకు మర్యాదగా చెబుతున్నట్టు కళ్ళకి కట్టేది. తను బాగుపడితే నాకేం నష్టం? నా గేదెలు పాలివ్వడం మానేస్తాయా? నాది ఏదీ పోవట్లేదు, తనకి వస్తోంది, అంతే. ఆ మాత్రానికే కడుపులో నిప్పులు పోసుకున్నాను.

టవరుకి పంచాయతీ ఒప్పుకోవాలి. గ్రామసభలో సెక్రటరీ గారు రూలు చెప్పారు. బడికి గానీ, గుడికి గానీ, చర్చికి గానీ దగ్గరగా టవరు పెట్టనివ్వరట. "ఏవండీ, ఆ స్థలం పక్కన అలాంటివేమన్నా ఉన్నాయా?" అని అడిగారు. లేవండీ, లేవండీ అన్నారు అందరూ. ఉన్నదల్లా సరిహద్దుకి ఆనుకుని మా గేదెల పాక. వచ్చి ఒకసారి స్థలం చూసి కానిచ్చేస్తానన్నారాయన.

ఇంటికొచ్చే దారిలోనే నాకు ఆలోచన వచ్చింది. అంత తెలివి ఎక్కణ్ణుంచొచ్చిందో! ఏనాడూ ఇంటి లెక్క కూడా సరిగ్గా చెయ్యలేనిదాన్ని. మర్నాడే గేదెల్ని పెరట్లోకి తోలేసి, పాక కడిగి, పేడతో అలికి, సున్నం వేయించి, తాటాకు చాపలు పరిచాను. గోడకి సిలువ పెట్టాను. బొరుగులూ బెల్లమూ పెడతానంటే పిల్లలు రారూ? పాస్టరు గారు వచ్చి ప్రార్థన చేస్తూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. ముందు వరసలో కూర్చుంది ఎవరనుకున్నారు? సువార్త కూతురు.

సెక్రటరీ గారు వచ్చి చూశారు. "ఇక్కడ ప్రార్థనా ఉంది, పిల్లలూ ఉన్నారు, కుదరదండీ" అన్నారు. కంపెనీ ఆయన వదల్లేదు. పాకని కాలవ వైపుకి జరిపితే సరిపోతుంది, ఆ ఖర్చంతా మేమే పెట్టుకుంటాం, పెద్దావిణ్ణి అడగండి అని సువార్తతో చెప్పాడట.

ఆ ఆదివారం సువార్త వచ్చింది. పిల్లలు పాట పాడుతున్నారు. చాలాసేపు పాక బయటే నిలబడింది. వాళ్ళు వెళ్ళాక లోపలికొచ్చింది.

"మిమ్మల్ని ఒకటి అడుగుదామని వచ్చానక్కయ్యా."

"ఏంటి?" అన్నాను. ఏంటో నాకు తెలుసు.

"పాక కాస్త అటు జరుపుతారేమోనని. కానీ పిల్లలు పాడుతుంటే విన్నానండీ. మా పిల్ల కూడా ఎంత బాగా పాడుతోంది! దేవుడి కోసం పెట్టిన చోటుని నా అవసరానికి జరపమంటే పాపం కదండీ. ఇక అడగబుద్ధి కావట్లేదు. మా బతుకు ఎలాగో వెళ్తుందిలెండి."

అప్పుడు నేనేమనాలి? జరుపుతానమ్మా అంటే చాలు. అంతే కదా? పాక ఎటుంటే ఏం, పిల్లలు పాడరా? నోటిదాకా వచ్చింది కూడా. కానీ తన మొహంలో కాస్తంత కూడా కోపం లేదు. నా మీద పడి తిట్టి ఉంటే జరిపేదాన్నేమో. అంత మంచితనం చూసి ఇంకా మండింది నాకు.

"దేవుడి చిత్తం ఎలా ఉంటే అలా అవుతుందిలే సువార్తా" అన్నాను.

ఆయన పేరు చెప్పి అన్నానండీ ఆ మాట.

టవరు పక్క ఊళ్ళో ఎవరి పొలంలోకో పోయింది. మా మరిది పెదవేగి వైపు పామాయిలు తోటల్లో గెలలు కొయ్యడానికి పోయాడు. సువార్త రొయ్యల షెడ్డులో చేరింది. పొద్దస్తమానం ఐసులో చేతులు పెట్టి రొయ్యలు ఒలిచే పని. వేళ్ళు తెల్లగా నాని, చీలిపోయి ఉండేవి. చివరికి హైవే ముక్కని వచ్చినకాడికి అమ్మేసుకున్నారు. నా కడుపు చల్లబడిందా అంటే, చల్లబడింది, కొన్నాళ్ళు. బియ్యం పంపితే మళ్ళీ పుచ్చుకుంది కదా.

సండే స్కూల్ మానేద్దామనుకున్నాను. మానలేకపోయాను. పిల్లలంటే నిజంగానే ప్రేమ పుట్టింది. అదొక తిరకాసు. ఆ ప్రేమ పుట్టింది కాబట్టి మొదలుపెట్టిన పాపం చెల్లిపోతుందా? చెల్లిపోతుందని నన్ను నేను ఎన్నిసార్లు నమ్మించుకోబోయానో.

ఇక ఈ మధ్య జరిగింది చెబుతాను. మా చర్చిలో ఆరాధన అయ్యాక సాక్ష్యాలు చెబుతారు. దేవుడు నాకిది చేశాడు, దేవుడి కోసం నేనిది చేశానని ఒక్కొక్కరూ లేచి చెప్పుకోవడం. మొన్న సువార్త లేచింది. ఎన్నడూ నోరు విప్పని మనిషి. "నా జీవితంలో దేవుడికివ్వడానికి నా దగ్గర ఒక్కటే ఉండేదండీ, ఆ టవరు. పిల్లల కోసం అది ఆయనకిచ్చేశాను. ఆ ఒక్కటీ చేశానన్న సంతోషంతోనే ఇన్ని కష్టాలూ ఈదాను" అంది. అందరూ హల్లెలూయ అన్నారు. నేనూ అన్నాను.

అప్పుడు నాకేమనిపించిందో తెలుసా? ఏడుపు రాలేదు. కుళ్ళుకున్నాను. సిగ్గు లేదు నాకు, అంతమందిలో కూర్చుని మళ్ళీ కుళ్ళుకున్నాను. పొలం లేదు, డబ్బు లేదు, చేతులు చూస్తే అలా ఉన్నాయి. అయినా ఆ మొహంలో ఉన్న నిబ్బరం నాకు ఒక్క రోజైనా లేదే!

వెళ్ళి కాళ్ళ మీద పడి చెప్పేద్దామా అనుకున్నాను. చెబితే నాకు తేలికవుతుంది. మరి తనకి? టవరు ఎలాగూ పోయింది, చెబితే ఆ సాక్ష్యం కూడా పోతుంది. తనకి మిగిలిందల్లా అదే. అదీ లాక్కోమంటారా? లేక ఇదీ నా పిరికితనం ఆడిస్తున్న నాటకమేనా? నాకు తెలియట్లేదండీ.

క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. ఒకరికి చెప్పాను, ఊపిరి కాస్త ఆడుతోంది, అంతవరకే. సువార్త దేవుడికిచ్చాననుకుంటోంది. పుచ్చుకుంది నేను.