మధ్యాహ్నం అబద్ధమాడిన మీటరు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. నేను చూసి బాగుందన్న మీటరును ఎవరైనా తప్పంటే ఇంక చెప్పనక్కర్లేదు. ఆ మే నెలలో అట్లా నోరు పారేసుకున్నది నాకంటే ఇరవై ఏళ్లు పెద్దవాడి మీద. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. కానీ ఆ మరుసటి రోజు తలుచుకుంటే మాత్రం, ఇదిగో, ఇప్పుడు కూడా లేచి గంతెయ్యాలనిపిస్తుంది.

మాది బేతంచెర్ల దగ్గర ఒక చిన్న కెమికల్ ప్లాంటు. సున్నపురాయిని బట్టీలో కాల్చి, నీళ్లలో కలిపి సున్నపు పాలు చేస్తాం. ఆ పాలను మూత బిగించిన పెద్ద ట్యాంకులోకి పంపించి గ్యాసు పట్టిస్తే మెత్తని తెల్లపొడి దిగుతుంది. రంగులకూ కాగితానికీ ఆ పొడి కావాలి. ట్యాంకులో పాలు ఎంత ఎత్తున ఉన్నాయో చెప్పే మీటరు మొదలుకొని అక్కడి మీటర్లన్నిటినీ చూసుకునే ఇంజనీరును నేను.

ఆ ట్యాంకు రెండు వారాల్లో మూడుసార్లు, మూతకున్న గ్యాసు గొట్టంలోంచి పొంగింది. ప్లాంటు ఆవరణంతా పాలే. కడిగేసరికి తలప్రాణం తోకకొచ్చింది. మూడుసార్లూ మధ్యాహ్నమే. మూడుసార్లూ కంట్రోలు రూములో కూర్చున్నది ఒకే ఆపరేటరు. అన్నం తిని కునుకు తీస్తున్నాడని అందరూ అనుకున్నారు. ఇంకొక్కసారి పొంగితే గేటు బయటికే అని మేనేజరు ఉత్తరం కూడా టైపు చేయించి పెట్టుకున్నాడు.

ఆ ఆపరేటరును నేను అన్నా అని పిలిచేదాన్ని. మా దగ్గరికి రాకముందు బండల పాలిషు ఫ్యాక్టరీలో పనిచేశాడు. రాతిపొడి ఊపిరితిత్తుల్లో చేరి, మళ్లీ ఆ దుమ్ములోకి పోతే మనిషివి దక్కవని డాక్టరు చెప్పిన తర్వాత మా ప్లాంటుకొచ్చాడు. ఈ చుట్టుపక్కల బండల పని తప్ప ఆయనకు దొరికే పని ఇంకేముంది? కంట్రోలు రూములోని ఆ కుర్చీ పోతే ఆయన మళ్లీ పోవాల్సింది ఆ దుమ్ములోకే. అది నాకు తెలుసు. తెలిసీ అన్నాను.

"పొద్దున్నే చూసినానన్నా. మూడుసార్లు చూసినా. ఇంచు తేడా ల్యా. నువ్వు కునుకు తీసి నా మీటరు మీద పెడ్తాండావు."

ఆయన మొహం నల్లబడింది. "నేను నిద్రపోల్యా పాపా. నీ మీటరు తక్కువ చూపిస్తాండాది. ఎట్ల తప్పిందో నాకు తెల్దు. తప్పింది మాత్రం నిజం."

"మీటరు తప్పదు, మనుషులే తప్పుతారు" అని విసవిసా నడిచి వచ్చేశాను. నేను పట్టిన కుందేటికి మూడే కాళ్లు.

మరుసటి రోజు రెండు గంటలప్పుడు ఫోను మోగింది. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. "మేడం, బిరీన రా. పంపు ఆపేసినా" అన్నాడు. ట్యాంకు నూటికి ఎనభై వంతులు నిండిందని మీటరు చూపేదాకా పంపు ఆపకూడదు. కారణం లేకుండా ఆపితే ఉత్తరం ఆ సాయంత్రమే చేతికొస్తుంది.

పరిగెత్తుకుంటూ పోయాను. ఆయన ట్యాంకు దగ్గర చేతిలో గులకరాయి పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"మీటరు అరవై అంటాండాది. నేను తొంభై అంటాండా. ఎవురు రైటో ఈ పొద్దే తేలిపోవాల."

"రాయితో ఏం చేస్తావన్నా?"

"బండను తట్టి లోపల చీలికుందో ల్యాదో చెప్పిన చెవి ఇది. ఇనప ట్యాంకు ఒక లెక్కనా?" అని నిచ్చెనెక్కి కింది నుంచి పైకి తట్టుకుంటూ పోయాడు. కింద డబ్, డబ్ అని మొద్దు శబ్దం. అట్లాగే పైకి పోయి, పోయి, దాదాపు మూత దగ్గర ఖణ్‌మంది. "ఈడిదాకా ఉండాయి పాలు. విన్యావా?"

విన్నాను. కానీ నమ్మడానికి నా అహం ఒప్పుకోవాలి కదా. ట్యాంకుకు ఎనభై ఐదు గీత దగ్గర ఒక చిన్న కుళాయి ఉంది. సున్నం పేరుకుని ఎన్నడో మూసుకుపోయింది. మీటరు చెప్పింది నిజమైతే అందులోంచి చుక్క కూడా రాకూడదు. కళ్లద్దాలు పెట్టుకుని నిచ్చెనెక్కి, కుళాయి తిప్పి, ఇనుప చువ్వతో పొడిచాను. ఒకసారి, రెండుసార్లు. మూడోసారికి తెల్లటి ధార చువ్వను తోసుకుంటూ వచ్చి నా మెడ నుంచి మోకాళ్లదాకా తడిపేసింది. కళ్లద్దాలుండబట్టి బతికిపోయాను.

కింద నుంచి ఆయన నవ్వు. "చాలా మేడం, ఇంగా కావల్నా?"

కుళాయి కట్టేసి దిగి వచ్చి నెత్తి మీద నీళ్లు కుమ్మరించుకుని మీటరు పక్కనే కూలబడ్డాను. పొద్దున నిజం చెప్పిన మీటరు మధ్యాహ్నం అబద్ధం ఎందుకు చెప్తుంది? అప్పుడు తట్టింది నాకు. ఎండాకాలంలో మా సీమలో బయట పని ఏదైనా పది గంటల్లోపే ముగించేస్తాం. నేనూ అంతే. మూడుసార్లూ ఆరు గంటలకే చూసి పోయాను. మధ్యాహ్నపు ఎండలో ఆ మీటరు మొహం ఒక్కసారన్నా చూసిన పాపాన పోలేదు.

చూశాను. మీటరుకూ దాని కింది గొట్టానికీ గోనెపట్ట చుట్టి ఉంది. నిండా తడిసి ఉంది. నా కాలి మీద చుక్కలు పడుతున్నాయి.

రోజూ దాని పక్క నుంచే నడిచాను. ఎందుకు కనపడలేదంటే, మాది కడప పక్క నేతపని ఇల్లు. ఎండలకు దారం పుటుక్కున తెగిపోకుండా మా అమ్మ మగ్గం గదిలో కిటికీలన్నిటికీ తడి గోనెపట్టలు కట్టేది. ఎండాకాలంలో తడి గోనెపట్ట నా కంటికి గోడ లాంటిదే. ఉందని కూడా అనిపించదు.

ఆ మీటరుకు సన్నటి గొట్టాలు రెండు. లోపల నూనె ఉంటుంది. ఒకటి ట్యాంకు అడుగుకు, ఒకటి పైకి. రెండు వైపులా ఉన్న ఒత్తిడిలో తేడా చూసి పాలు ఎంత ఎత్తున ఉన్నాయో మీటరు చెప్తుంది. పై గొట్టం ఎండకు కాగి లోపలి నూనె ఉబ్బుతోంది. కింది గొట్టం తడి గోనెలో హాయిగా చల్లబడి నూనె ముడుచుకుంటోంది. ఎండ ముదిరేకొద్దీ తేడా తగ్గిపోయి, పాలు తక్కువున్నాయని మీటరు అనుకుంటోంది!

గోనెపట్ట పీకి అవతల పారేశాను. "అన్నా, పోయి నీ తెర మీద మీటరు అంకె చూసి ఫోన్లో చెప్పు!"

ఆయన కంట్రోలు రూములోకి పరిగెత్తాడు. అయిదు నిమిషాలు ఏమీ లేదు. తర్వాత మొదలైంది. "అరవై మూడు మేడం... అరవై ఎనిమిది... పాపా, ఎక్కుతాండాది! డెబ్భై ఏడు!" రెండు గొట్టాలూ ఒకే ఎండలో కాగి, ఒకదాని తప్పును ఇంకోటి కొట్టేస్తోంది. ఎనభై తొమ్మిది దగ్గర అంకె నిలిచినప్పుడు నేను వేసిన కేకకు బట్టీ దగ్గర వాళ్లు కూడా తిరిగి చూశారట.

మేనేజరును అట్లాగే ఎండలోకి పిలిపించాను. గోనెపట్ట మళ్లీ చుట్టి బిందెడు నీళ్లు పోశాను. మీటరు మీది అంకె మెట్లు దిగినట్టు దిగింది. పీకేశాను. ఎక్కింది. ఇంకోసారి చేసి చూపించాను, ఊరికే, నా ఆనందానికి.

మేనేజరు చెమట తుడుచుకుని, "బాగానే ఉందమ్మా. ఇంతకీ ఈ గోనె కట్టమన్నది ఎవరు?" అన్నాడు.

అన్న తన బూట్ల వైపు చూస్తూ నిలబడ్డాడు.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. ఏప్రిల్లో ఎండకు మీటరు అద్దం నల్లబడి అంకెలు కనపడకపోతే, నేనే పోతూ పోతూ, "ఎండ తగలకుండా ఏమన్నా కట్టు అన్నా" అన్నాను. చెప్పి మరిచిపోయాను. ఆయన చేతికందినంత మేర గోనె చుట్టాడు. రోజూ అన్నం తినగానే వచ్చి, మంచినీళ్ల కుండకు పోసినట్టు నీళ్లు పోశాడు. తెలియకుండానే తన ఉద్యోగానికి తానే నీళ్లొదిలాడు.

"నేనే చెప్పినా సార్" అన్నాను. "ఆయన తప్పేం లేదు. చెప్పిందీ నేనే, మధ్యాహ్నం వచ్చి చూడనిదీ నేనే."

"అయితే ఉత్తరం నీ పేరు మీద టైపు చేయించాలా?"

"చేయించండి. ముందు ఆయనది చింపండి."

మేనేజరు నన్ను ఒక క్షణం చూశాడు. సున్నంతో తెల్లగా దయ్యంలా ఉండి ఉంటాను. ఆఫీసులోకి పోయి ఆ కాగితం తెచ్చి మా ఎదురుగానే నాలుగు ముక్కలు చేశాడు. నా పేరుతో ఉత్తరం మాత్రం ఇంతవరకూ రాలేదు. సాయంత్రానికల్లా రెండు గొట్టాలకూ కలిపి ఒకే రేకు నీడ వేయించాను. ఆ ట్యాంకు మళ్లీ పొంగలేదు.

మేనేజరు వెళ్లిపోయాక అడిగాను. "నేనే కట్టమన్నానని చెప్పకుండా గమ్మునుండావేందన్నా? చెప్పింటే నీ మీదికి వచ్చేది కాదు కదా."

ఆయన పంపు మళ్లీ నడిపించడానికి కంట్రోలు రూము వైపు నడుస్తూ, తిరిగి చూడకుండానే అన్నాడు.

"నీ పేరెత్తింటే నువ్వు మళ్లా మీటరు పక్కకే పోయి నిలబడ్తావు పాపా. ఇన్నాళ్లకు నా పక్క నిలబడినావు. అదెందుకు చెడగొట్టుకోవాల?"