దానయ్యకు తొమ్మిది గాయాలు

ఆ రోజుల్లో మా బళ్లారిలో తెల్లచొక్కా అన్నది దుకాణంలో ఉన్నంతసేపే తెల్లగా ఉండేది. గనుల కాలం. సండూరు కొండల నుంచి ఖనిజం లారీలు ఒకదాని వెనకొకటి దిగుతుంటే, ఊళ్ళో సగంమంది చేసే పని వదిలేసి వాటి వెనక పరిగెత్తారు. నేను లారీలు తూకం వేసే కాటా దగ్గర కంప్యూటర్ ముందు కూర్చుని బండి నంబర్లు కొడుతూ, మనసులో మాత్రం ఒక రాజ్యాన్ని ఏలుతుండేవాణ్ణి. (జీతం ఇచ్చేవాళ్ళకు ఈ సంగతి తెలియదు.)

ఆ రాజ్యం ఒక ఆటలోది. బెంగళూరులో చదివే స్నేహితుడొకడు ఇంగ్లీషు పుస్తకం జిరాక్సు, ఇరవై ముఖాల పాచిక తెచ్చిచ్చాడు. ఒకడు కథ చెబుతూ ఆట నడిపిస్తాడు, మిగిలినవాళ్ళు తలా ఒక పాత్ర అయి తామేం చేస్తారో చెబుతారు, అది ఫలించిందా లేదా అన్నది పాచిక తేలుస్తుంది. నడిపేవాణ్ణి నేను. పుస్తకంలోని కోటలూ మంచుకొండలూ మాకు అంటలేదు. అందుకని మంచు తీసేసి ఎర్రదుమ్ము పోశాను, సత్రాల చోట ఒగ్గరణె అనే తాలింపు బొరుగులు, మిరపకాయ బజ్జీ దొరికే హోటళ్ళు పెట్టాను, కత్తులు లాక్కుని గడ్డపారలిచ్చాను. నిప్పులు కక్కే డ్రాగన్‌ను మాత్రం ఉంచి, దానికి ఇనుప ఖనిజం తినడం నేర్పాను. ఆడేవాళ్ళు ముగ్గురు. వాళ్ళలో ఒకడు హచ్చొళ్ళి వైపు నుంచి బస్సులో వచ్చేవాడు. కోస్తా నుంచి వచ్చి కాలవ కింద వరి వేసుకున్నవాళ్ళ ఊళ్ళను అక్కడ క్యాంపులంటారు కాబట్టి వాణ్ణి క్యాంపు అనేవాళ్ళం. వాడి పాత్ర పేరు దానయ్య. దానయ్యకు జ్వరమని నేనంటే వాడు తింటున్న బజ్జీ పక్కన పెట్టేసేవాడు.

ఇక నా రెండో ఉద్యోగం, చర్చి యువజన సంఘానికి కార్యదర్శి. ప్రతి గురువారం సాయంత్రం బ్రూస్‌పేటలోని మా ఇంట్లో ప్రార్థన కూడిక. ఎవరెవరి కోసం ప్రార్థించాలో నోటుబుక్కులో రాసి చదవడం నా పని. లారీ గుద్దినవాళ్ళు, కొండ మీద కాలు విరిగినవాళ్ళు ఆ జాబితాలో లేని వారమే లేదు. నేను చేసిన తెలివితక్కువ పని ఏమిటంటే, అదే నోటుబుక్కును వెనక నుంచి తిప్పి ఆట రాసుకోవడం.

ఒక గురువారం కాటా దగ్గర ఆలస్యమైంది. పరుగున వచ్చి మెట్లెక్కుతుంటే లోపల నర్సత్త గొంతు వినిపించింది. (ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైన ఆవిడ. ఊరందరికీ అత్తే.) నేను రాలేదని అమ్మ ఆవిడ చేతికి నోటుబుక్కు ఇచ్చింది. ఆవిడ వెనక నుంచి తెరిచింది.

"దానయ్య. కొండ గుహలో చిక్కుకున్నాడు. గాయాలు తొమ్మిది. బలం పన్నెండు. గుహలో ఉన్నది నిద్రలేస్తే అంతే. శనివారం మధ్యాహ్నం తేలుతుంది." అంతా చదివి, "బలం పన్నెండంటే రక్తం లెక్కమ్మా. అంతుంటే భయం లే," అని తానే ధైర్యం చెప్పింది.

"గుహలో ఉండేది కరడేమో. ఆ కొండల్లో శానా తిరుగుతాండాయి," అంది మా అమ్మ. (మా వైపు ఎలుగుబంటిని కరడి అంటారు.)

నేను గుమ్మంలోకి రాగానే అందరూ నావైపు తిరిగారు. "ఈయప్ప యాడివాడప్పా? పెండ్లాం బిడ్డలుండారా?" అని అడిగింది నర్సత్త. "ఇద్దరాడపిల్లలు," అన్నాను. (క్యాంపు అలాగే రాసుకున్నాడు మరి.) అంతే, గదంతా మోకాళ్ళూనింది. అమ్మ ఏడ్చింది. నిజం చెప్పేద్దామని నేను నోరు తెరిచినప్పుడల్లా ఎవరో ఒకరు ఆమెన్ అన్నారు.

శుక్రవారం నర్సత్త బియ్యం మూట, దుప్పటి మా ఇంటికి పంపింది. "ఆదివారం ఆరాధన అయినాంక ఆటోలో పోయి చూసొస్తాం, దోవ చూపియ్యప్పా," అని కబురు కూడా చేసింది. ఆ రోజు కాటా దగ్గర ఒకే లారీని మూడుసార్లు తూకం వేయించాను. దానయ్య చస్తే పరామర్శకు బయల్దేరతారు, బతికితే సాక్ష్యం చెప్పమని చర్చికి పిలుస్తారు. ఎటు చూసినా మనిషిని చూపించాలి.

శనివారం మధ్యాహ్నం మా ఇంట్లోనే ఆట. డ్రాగన్ నిద్రలేచింది. పదిహేను, ఆపైన పడితేనే దానయ్య బయటపడతాడు. క్యాంపు కళ్ళు మూసుకుని విసిరిన పాచిక దొర్లుతూ అమ్మ మంచం కిందికి పోయింది. చూడటానికి నేను దూరాను. బియ్యం మూటను ఆనుకుని ఆగి ఉంది. మూడు.

"పద్దెనిమిది," అన్నాను మంచం కింద నుంచే. క్యాంపు గెంతులేశాడు.

ఆదివారం పొద్దున అమ్మ బైబిలు చేతపట్టుకుని బయల్దేరుతుంటే అంతా చెప్పేశాను. దానయ్య అనే మనిషి లేడని, అది ఆట అని.

"ఇద్దరాడపిల్లలు?"

"వాళ్ళూ లేరమ్మా."

"రెండు దినాలు నీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదప్పా నేను," అంది. ఆ రెండు రోజులూ ఆకలి లేదంటే నిజమేననుకున్నాను, మళ్ళీ అడగనైనా అడగలేదు. నాకు అంత సిగ్గు అంతకుముందు ఎప్పుడూ కలగలేదు. అమ్మ చెప్పులేసుకుని, గడప దాటి, మళ్ళీ ఆగింది.

"కడాకు బతికినాడా లేదా?"

"బతికినాడమ్మా."

"సరే, పా," అని నడిచింది.

నర్సత్తకు అమ్మే ఏదో సర్దిచెప్పుకుంది. బియ్యం, దుప్పటి నోటుబుక్కు ముందు పేజీలోని ఒక లారీ డ్రైవర్ ఇంటికి చేరాయి. ఏడాదిపాటు నర్సత్త కనబడితే చాలు, "మీ దానయ్యకు ఇప్పుడు రక్తమెంతప్పా?" అనేది.

క్యాంపుకు ఇప్పుడు జుట్టు నెరిసింది. ఫోన్ చేసినప్పుడల్లా, "ఆ రోజు పద్దెనిమిది పడింది చూడు, అలాంటిది మళ్ళీ పడలేదురా," అంటాడు. నేను ఊ కొడతాను. పడింది మూడేనని ఒక్కోసారి నోటిదాకా వస్తుంది. కానీ మంచం కింద దూరిన ఆ కుర్రాణ్ణి తలచుకుంటే నవ్వొస్తుంది, వెంటనే దానయ్య కోసం అమ్మ ఉన్న రెండు రోజుల పస్తు గుర్తొస్తుంది. అబద్ధం నాదే. ఆ పద్దెనిమిది మాత్రం నాదని చెప్పుకోలేను.