రాజేశం: మెస్ బోర్డు మీద తొమ్మిదో పేరు

"అందరూ పాసయ్యేదాకా ఎవడూ వరంగల్ వదలకూడదు."

ముప్ఫై అయిదేళ్ల కిందట హాస్టల్ మెస్‌లో మేం తొమ్మిది మందిమి ఇచ్చుకున్న మాట అది. నిన్న పొద్దున ఫోన్ చూడగానే గుర్తొచ్చింది.

బ్యాచ్ గ్రూపులో సుధాకర్ మెసేజ్. "మన తొమ్మిది మందిలో మొదటివాడు వెళ్లిపోయాడు. రాజేశం. గదిలోనే, హార్ట్ ఎటాక్."

నేనుండేది కూడా సౌదీలోని అల్ ఖోబర్‌లోనే, రాజేశం గదికి పది నిమిషాల దూరం. అయినా నాకూ గ్రూపులోనే తెలిసింది.

రాజేశం పోయాడన్న మాట లోపలికి దిగలేదు. "తొమ్మిది మంది" అన్న దగ్గరే ఆగిపోయాను.

మనం ఎనిమిది మందిమే కదా సుధాకర్. వాణ్ని మళ్లీ ఎప్పుడు చేర్చుకున్నావు?

తెలియనివాళ్ల కోసం చెబుతాను.

ఇంజనీరింగ్‌లో మాది మెట్ల బ్యాచ్. హాస్టల్ మెట్ల మీద కూర్చునేవాళ్లం కాబట్టి ఆ పేరు. సీనియర్లు ఒప్పుకుంటేనే అందులో చోటు. గ్యాంగుల్లో చేరినవాడు చదవడని మా వార్డెన్ నమ్మకం. ఆ మాట తప్పని చూపించడానికి సుధాకర్ ఒక పద్ధతి పెట్టాడు. మెస్‌లో కూరల పేర్లు రాసే నల్లబోర్డు కింది సగం మాది. పరీక్షలవగానే తొమ్మిది పేర్లూ, మార్కులూ, చివర సగటూ అక్కడ రాయాలి. బాగా చదివేవాడికి వెనకబడినవాణ్ని జోడీగా కట్టాలి.

నా జోడీ రాజేశం. కరీంనగర్ వైపు పల్లె నుంచి వచ్చాడు. ఇంగ్లిష్‌లో లెక్క ఇస్తే ముందు తెలుగులో చెప్పుకుని, ఆ తర్వాత చేసేవాడు. అందుకే వాడికి టైం చాలేది కాదు.

ఫైనల్ ఇయర్లో వాడికి ఫ్లూయిడ్ మెకానిక్స్ పోయింది. ఆ వారమే ప్రిన్సిపల్ మెస్ చూడ్డానికి వస్తున్నాడు. సుధాకర్ నన్ను పక్కకు పిలిచాడు.

"వాడి పేరు తీసేయరా. ఎనిమిది మందీ పాస్, హండ్రెడ్ పర్సెంట్. పర్సనల్ ఏం లేదు."

తీసేశాను.

వాణ్ని సప్లిమెంటరీకి చదివించాల్సిన మేం ఎనిమిది మందిమీ నెల తిరక్కుండా వరంగల్ వదిలేశాం. వాడొక్కడే రెండుసార్లు రాశాడు. రెండుసార్లూ పోయింది.

ఆ తర్వాత సౌదీ. డిగ్రీ లేకుండా, టెక్నీషియన్ అని రాసిన ఇకామా, అంటే అక్కడుండే పర్మిట్ మీద పాతికేళ్లకు పైగా ఇంజనీరు పని చేశాడు. డ్రాయింగుల మీద సంతకాలు మాత్రం వేరేవాళ్లవి.

నాకు ఇప్పటికీ అర్థం కానిది ఇక్కడి నుంచి మొదలవుతుంది.

ప్రతి శుక్రవారం మధ్యాహ్నం ఖోబర్‌లో మన పిల్లలకు ఉచితంగా లెక్కలు చెప్పేవాడు. ఒకసారి వెళ్లి చూశాను. గోడ మీద బోర్డు, పిల్లల పేర్లు, మార్కులు. జోడీలు కూడా. అచ్చం మా పద్ధతే. ఒక్కటే తేడా. ఫెయిలైన పిల్ల పేరు అన్నిటికంటే పైన రాశాడు.

"ఇదేందిరా, పరువు తీస్తున్నావా?" అన్నాను.

"పైనుంటే ముందుగాల కనవడ్తది గదరా. మర్సిపోం."

ఆ పిల్ల ఏమీ సిగ్గుపడటం లేదు. పక్కపిల్లకు పెన్సిల్ చెక్కి ఇస్తోంది.

కుటుంబంలో తలకింత అని కట్టాల్సిన ఫ్యామిలీ లెవీ వచ్చాక ఇళ్లు ఖాళీ అయ్యాయి. ఇరవై మంది పిల్లలు నలుగురయ్యారు. ఆ నలుగురికీ నాలుగు పేర్లు రాసేవాడు.

తర్వాత, సౌదీలకు ఎన్ని ఉద్యోగాలిచ్చారో చూసి కంపెనీలకు రంగులిచ్చే నితాకాత్‌లో వాడి కంపెనీ ఎల్లోలో పడింది. గ్రీన్‌లోకి రావాలంటే సౌదీల సంఖ్య పెంచాలి, లేదా మనవాళ్ల పేర్లు తగ్గించాలి. పేర్లు తగ్గించడం సుళువు. ఆ కంపెనీలో తీసేసేవాళ్ల లిస్ట్ తయారు చేసిన మేనేజర్ ఎవరో కాదు, మా సుధాకరే. డిగ్రీ లేనివాళ్లు మొదట. రాజేశానికి ఫైనల్ ఎగ్జిట్, అంటే దేశం వదిలి వెళ్లిపోవడమే.

నేను వెళ్లి అడిగాను. "రూల్ అలా ఉంది. పర్సనల్ ఏం లేదు" అన్నాడు. ముప్ఫై అయిదేళ్లలో ఆ మాట కూడా మార్చుకోలేదు.

సుధాకర్‌తో గొడవ పెట్టుకుందాం రమ్మని మొన్న శుక్రవారం రాజేశం దగ్గరికి వెళ్లాను. వాడు పెట్టె సర్దుకుంటూ తన దగ్గర చదువుకునే సుధాకర్ మనవడి లెక్కల పుస్తకానికి అట్ట వేస్తున్నాడు. ఒళ్లు మండింది. ఆ కోపంలోనే, ఎన్నడూ చెప్పనిది చెప్పేశాను. ఆ రోజు బోర్డు మీద పేరు తుడిచింది నేనేనని.

వాడు అట్ట మడత పెడుతూనే అన్నాడు.

"తెల్సురా. కిటికిల కెల్లి సూసిన. నువ్వు రెండుసార్లు తుడిసినవ్. ఒక్కసారికి పోలే."

"మరి ఇన్నేళ్లూ అడగలేదేంరా?"

"అడిగితె నువ్వేం జెప్తవ్? కూసో. చాయ్ పెడ్త."

చాయ్ తాగి వచ్చేశాను. వచ్చే మంగళవారం వాడు ఊరికి ఫ్లైట్ ఎక్కాల్సింది.

మా ఇంట్లో గోడ నిండా పుస్తకాలున్నాయి. చదివినవే అన్నీ. కిటికీ అవతల నిలబడి తన పేరు చెరిగిపోవడం చూసినవాడు, చెరిపినవాడికి ముప్ఫై అయిదేళ్లు చాయ్ ఎలా పోశాడో వాటిలో ఎక్కడా దొరకలేదు. అది క్షమించడమా, లెక్కచేయకపోవడమా? రాత్రి నుంచీ ఆలోచిస్తున్నాను. తేలడం లేదు.

గ్రూపులో నిన్నటి నుంచి చేతులు జోడించే బొమ్మలు పడుతున్నాయి. బతికుండగా రెండుసార్లు లిస్టులోంచి తీసేసిన మనిషిని, పోయాక లెక్కలో కలుపుకుంటున్నారు. రాజేశం ఉంటే ఏమీ అనేవాడు కాదు. నేనంటున్నాను.

వెళ్లి రా రాజేశం. టైం చూసుకోవాల్సిన పని లేని చోట, నీ తెలుగులో నువ్వు లెక్క చేసుకుంటూ హాయిగా ఉండు. ఈ పోస్టులో నీ పేరే అన్నిటికంటే పైన ఉంది. ఎవరూ తుడవరు.

తుడిచిన చెయ్యి నాదే. కాదనను. కానీ తుడవమన్నవాణ్ని వదిలిపెట్టేంత మంచితనం నీ దగ్గర నేర్చుకోలేకపోయాను. ఇప్పటికీ నేను తప్పు పట్టేది నిన్నే, సుధాకర్.