కీబోర్డుకు లేసు తొడుగు

నరసాపురంలో మా వీధి అచ్చాయమ్మగారికి బోడిగా కనిపించే వస్తువంటే గిట్టదు. టీవీకి లేసు, మిక్సీకి లేసు, ఆఖరికి గ్యాస్ బండకూ లేసు గౌను. వాళ్ళింట్లో కాసేపు కదలకుండా కూర్చుంటే మనకూ ఒకటి తొడిగేస్తారని మా ఆయన అంటుండేవారు. పొలం పనులు కొడుక్కి వదిలేసి, అరుగు మీద సూదీ దారంతో కూర్చున్నారంటే ఆవిడ చెయ్యీ ఆగదు, నోరూ ఆగదు.

మనవరాలు దుర్గాశ్రీకి మామ్మ నోరే వచ్చింది. చేతులకు మాత్రం పుట్టుకతోనే వణుకు. కలం నిలవదు. పదో తరగతి నుంచి డిగ్రీ దాకా పరీక్షల్లో తను చెబుతుంటే పక్కన కూర్చుని ఇంకెవరో రాసిపెట్టారు. పాసయినప్పుడల్లా వీధంతా మిఠాయి తిన్నాం గాని, ఆ పిల్ల మాత్రం "ఆ రాత నాది కాదు కదండీ పిన్నిగారూ" అనేది నాతో. నాకు ప్రాణం ఉసూరుమనేది.

రెండువేల ఒకటిలో శివరామకృష్ణగారని ఒకాయన మా వీధి చివర కంప్యూటర్ సెంటరు పెట్టారు. దుర్గాశ్రీ వెళ్ళి చేరింది. కోర్సు ఆఖర్న టైపింగ్ పరీక్ష ఉంటుంది, అందులో ఎవరిది వాళ్ళే కొట్టుకోవాలి. తనకు కావలసిందే అది. తీరా కూర్చుంటే, ఒక మీట నొక్కబోయిన వేలు నాలుగు మీటల మీద పడేది. సార్ నొచ్చుకుంటూనే "పరీక్ష వద్దులేమ్మా, ఊరికే నేర్చుకో" అన్నారు. ఆ పూట ఆ పిల్ల అన్నం ముట్టలేదు.

మనవరాలికి తోడుగా సెంటరుకు వెళ్ళే అచ్చాయమ్మగారికి అక్కడ వేరే దిగులు పట్టుకుంది. అన్ని కంప్యూటర్లూ బోడిగా ఉన్నాయే! వెంటనే ఒక కీబోర్డుకు పువ్వుల లేసు అల్లి, అప్పడంలా బిరుసెక్కేలా గంజి పెట్టి, తెచ్చి పరిచేశారు. సార్ మొహమాటపడుతూ తీసేలోపు దుర్గాశ్రీ దాని మీదే చెయ్యి వేసింది. పక్కకు జారబోయిన వేలు పువ్వు కన్నం అంచుకు తట్టుకుని ఆగింది. ఆగినచోట ఒక్క మీటే నొక్కుకుంది.

"మామ్మా! ఒక్కో కీకి ఒక్కో కన్నం పెట్టి అల్లవే!" అని కేకేసింది.

ఇక చూడాలి ఆవిడ హడావిడి. కొలతల కోసం మీటలకు పసుపు పూసి, పైన కాగితం వేసి అద్దారు.

"ఇదేంటండీ, కీబోర్డుకు పెళ్ళి చేస్తున్నారా?" అని సార్ లబోదిబోమన్నారు.

"చేస్తే మీకూ భోజనం పెడతాం లెండి" అన్నారీవిడ.

మొదట అల్లింది మెత్తబడి మీటల సందుల్లో ఇరుక్కుంది. ఈసారి రెండు పోగులు కలిపి, ప్రతి కన్నం చుట్టూ చిన్న గట్టు కట్టి, గంజి మీద గంజి పట్టించి ఎండబెట్టారు. కదలకుండా కీబోర్డు కిందికి నాడాలు బిగించారు. దుర్గాశ్రీ వణికే చేతిని ఆ లేసు మీదే ఆనించి, కన్నంలోకి వేలు దించడం సాధన చేసింది. నిదానమే గాని, తప్పులు పోయాయి. అది చూసి సారే ఆ పిల్ల పేరూ పరీక్షకు రాశారు.

పరీక్ష పెట్టడానికి భీమవరం నుంచి ఒకాయన వచ్చారు. లేసు చూసి మొహం చిట్లించారు.

"ఈ అలంకారాలు తీసెయ్యండి. అందరికీ ఒకే రకం కీబోర్డు."

సార్ నసిగారు. కిటికీ బయట నా పక్కనే నిలబడ్డ అచ్చాయమ్మగారు నా మణికట్టు పట్టుకుని నలిపేస్తున్నారు.

దుర్గాశ్రీ లేచి నిలబడింది. "అలాగేనండి, తీసేస్తాను. మీరు కూడా ఆ కళ్ళజోడు తీసేసి పరీక్ష కాగితం చదవండి. మొదలెట్టేద్దాం."

గదిలో పిల్లలు కిసుక్కుమన్నారు. ఆయన మొహం ఎర్రబడింది. కళ్ళజోడు సర్దుకుని, లేసును ఒకసారి వేలితో తడిమి చూశారు.

"కూర్చోమ్మా. ఉండనీ" అన్నారు.

మిగతావాళ్ళు ముగించి లేచిపోయినా గంట మోగేదాకా ఆ పిల్ల టైపు కొడుతూనే ఉంది. ప్రింటు తీసిన కాగితం ఒకటి తెచ్చి మామ్మ చేతిలో పెట్టింది. చదువురాని అచ్చాయమ్మగారు దాన్ని అటూ ఇటూ తిప్పారు.

"ఏం రాశావే?"

"ఏం రాశానో కాదు మామ్మా, ఎవరు రాశారో అడుగు."

ఆవిడ అడగకుండా కాగితాన్ని గుండెకు అదుముకున్నారు. కళ్ళ నిండా నీళ్ళు. చివరికి నేనే అడిగాను.

"నేనేనండీ పిన్నిగారూ! నేనే!" అంది దుర్గాశ్రీ, వీధి వీధంతా వినపడేలా.