గుట్ట కింద ఆగవద్దని రాశాను

సూర్యాపేట వైపు ఉన్న బౌద్ధ స్తూపం గుట్టకు ఎలా వెళ్లాలని ఇప్పటికీ ఎవరో ఒకరు నాకు ఫోన్ చేస్తుంటారు. చెప్తాను. ఎల్బీనగర్ రింగ్ రోడ్డు దగ్గర తెల్లవారి ఆరింటికల్లా బస్సెక్కండి. ఎండాకాలం వద్దు. ఆ గుట్ట మీద నీడ లేదు, పది గంటలకే ఇటుక కాలుతుంది. మనిషికి రెండు సీసాల నీళ్లు పెట్టుకోండి. చెప్పులతో ఎక్కకండి, వానల తర్వాత మెట్లు పాచి పట్టి ఉంటాయి. కాపలాదారుతో ముందు మాట కలపండి, ఆయనకు తెలిసినంత అక్కడి బోర్డు మీద రాసి లేదు. స్తూపం మీదికెక్కి ఫొటోలు దిగవద్దు. పగిలిన ఇటుక ముక్కనైనా సంచిలో వేసుకోవద్దు. అక్కడుంటే అది చరిత్ర, మీ ఇంటి షోకేసులో ఉంటే దొంగసొత్తు.

ఇవన్నీ ఒక కాగితం మీద టైపు చేయించి, దిల్‌సుఖ్‌నగర్‌లో జిరాక్సులు తీయించి, మా హేతువాద మిత్రుల యాత్రలకు వచ్చేవాళ్లకు పంచేవాణ్ణి. చివరి వాక్యం ఇలా ఉండేది: "గుట్ట కింద దర్గా ఉంది. అక్కడ ఆగవద్దు. మనం వెళ్లేది చరిత్ర కోసం, మొక్కుల కోసం కాదు."

ఆ వాక్యం ఇప్పుడు లేదు. కొట్టేసింది నేనే. మా అక్క వల్ల.

అక్క నాకంటే ఆరేళ్లు పెద్ద. నల్గొండ జిల్లాలోని మా పల్లె నుంచి పెళ్లయి ఎల్బీనగర్ వచ్చింది. బావ హైవే పక్కన లారీ టైర్లకు పంక్చర్లు వేసే షాపు పెట్టుకున్నాడు. చాలా ఏళ్లు పిల్లలు నిలవలేదు. మూడోసారి కూడా కడుపు పోయాక అక్క ఆ దర్గాకు మొక్కుకుంది, బిడ్డ దక్కితే పుట్టు వెంట్రుకలు అక్కడే ఇస్తానని. మా వైపు హిందువుల ఇళ్లలో ఇది వింత కాదు. గుళ్లో దేవుడికి ఎలా మొక్కుతారో దర్గాకూ అలాగే మొక్కుతారు. రొట్టెలు, బెల్లం, నెయ్యి కలిపి మలీద ముద్దలు చేసుకొని పోతారు. మతం గోడను కూల్చాలని నేను మైకుల ముందు అరుస్తున్న రోజుల్లో మా అమ్మ, అక్క ఆ గోడకు ఎప్పటి నుంచో ఉన్న తలుపులోంచి పోయి వస్తున్నారు. ఆ సంగతి నాకు అప్పట్లో తోచలేదు.

ఆడపిల్ల పుట్టింది. బతికింది.

పుట్టు వెంట్రుకలకు ఒక పద్ధతి ఉంది. మేనమామ నేల మీద కూర్చొని బిడ్డను ఒళ్లో పెట్టుకోవాలి. మొదటి కత్తెర అతను వేశాకే మంగలి చేయి పెడతాడు. మేనమామ కూర్చోకపోతే పని జరగదు. ఆ పిల్లకున్న ఒకే ఒక్క మేనమామను నేను.

కూర్చోనన్నాను. చర్చావేదికల మీద స్వాములకు చెమటలు పట్టించినవాణ్ణి. సొంత ఇంట్లో తల వంచితే బయట నోరెలా లేస్తుంది? అక్క ఏటా అడిగేది. నేను ఏటా ఒక ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి. పిల్ల జుట్టు వీపు దాటింది.

దానికి నాలుగేళ్లున్నప్పుడు ఒక చలికాలం, మా యాత్ర బస్సులో అక్క పిల్లను తీసుకొని వచ్చింది. ఒళ్లో గుడ్డమూట. అందులో ఏముందో నాకు వాసనతోనే తెలిసింది. మా మిత్రుడొకడు పిల్ల జడ పట్టుకొని, "ఏం పిల్లా, ఇంత జడేందే? పెండ్లికి తయారైనవా?" అన్నాడు.

"గివి నావి గావు," అంది పిల్ల. "దర్గా తాతయి. మామ కోస్తడు."

బస్సు గొల్లుమంది. అందరూ నావైపు చూశారు.

గుట్ట దిగాక దారి రెండుగా చీలుతుంది. ఒకటి బస్సుకు, ఒకటి దర్గాకు. అక్క ఆ చీలిక దగ్గర పిల్లను చంకనేసుకొని నిలబడింది.

"తమ్మీ, ఐదు నిమిషాలు. గట్ల కూసొని గిట్ల లేస్తె అయిపాయె."

"అక్కా, ఇది ఐదు నిమిషాల ముచ్చట గాదు. సిద్ధాంతం."

"నీ సిద్ధాంతం కింద పరుసుకొని దాని మీదనే కూసోరా. ఎవరొద్దన్నరు?"

మళ్లీ అందరూ నవ్వారు, ఈసారి నన్ను చూసి. నాకు తిక్క రేగింది. మైకు లేకపోయినా ఉన్నట్టే గొంతెత్తి, "సమాధిలో ఉన్నాయన పిల్లల వెంట్రుకలు ఏం చేసుకుంటాడో ఎవరైనా చెప్పండి, ఇప్పుడే వచ్చి కూర్చుంటాను," అన్నాను. చప్పట్లు కొట్టారు. అక్క బస్సెక్కి మూట విప్పి, తలా ఒక మలీద ముద్ద పంచింది. నేను రెండు తిన్నాను.

తర్వాతి వేసవిలో బడిలో చేర్చే ముందు, పేలు పడ్డాయన్న సాకుతో పిల్లను దిల్‌సుఖ్‌నగర్ తీసుకుపోయాను. కోచింగ్ సెంటర్ల వెనక సందులో ఒక సెలూన్. కుర్చీ చేతుల మీద అడ్డంగా చెక్క వేసి దాన్ని కూర్చోబెట్టారు. అద్దంలోంచి నన్ను చూసి, "మామా, నువ్వు కింద కూసోవా?" అని అడిగింది.

"ఈడ కుర్చీ ఉంది గదా," అన్నాను.

పిల్లకు గుండు చేయడం అయ్యాక, ఎవరు చెప్పారో, అక్క షేర్ ఆటోలో వచ్చింది. తిడుతుందని జవాబులు సిద్ధం చేసుకున్నాను. నన్ను చూడనైనా లేదు. సెలూన్ అతన్ని అడిగింది, "అన్నా, ఎంటికలేవి?"

"ఊడ్చి చెత్తబండిల ఏసిన్నమ్మా. పొద్దటి సంది ఎంతమందియో ఉన్నయి. అండ్ల ఎవరియని ఏరుతవ్?"

అక్క చెత్తబండి పోయిన వైపు సందు చివరిదాకా పోయి వచ్చింది. ఖాళీ చేతులతో పిల్ల గుండు నిమిరి, చంకనేసుకొని వెళ్లిపోయింది.

ఆ ఏడాదే ఒక సభలో ఈ కథ చెప్పాను. "ఏమైంది? ఏమీ కాలేదు! ఆ పిల్ల హాయిగా ఎక్కాలు చదువుకుంటోంది!" అన్నాను. నా ఉపన్యాసాలన్నిటిలో ఎక్కువ చప్పట్లు పడిన వాక్యం బహుశా అదే.

రెండు వానాకాలాల తర్వాత అక్కవాళ్ల కాలనీలోకి నీళ్లొచ్చాయి. సెల్లారుల్లో నిలిచిపోయాయి. పిల్లకు జ్వరం వచ్చింది. డెంగీ అన్నారు. ప్లేట్‌లెట్లు పడిపోయాయి. ఎనిమిదో రోజు దవాఖానలో పోయింది. దానికి ఏడేళ్లు.

దాన్ని చంపిందేమిటో నాకు తెలుసు. అక్కకు వివరంగా చెప్పాను. ఏ దోమ, ఏ నీళ్లలో పుడుతుంది, రక్తంలో ఏం జరుగుతుంది. ఎదురుగా కూర్చొని అంతా విని, "ఔ తమ్మీ," అంది. ఒప్పుకుందనుకున్నాను. ఇన్నేళ్లూ అలాగే అనుకుంటూ వచ్చాను. ఆ రోజు నుంచి ఆమె నన్ను మొక్కు గురించి అడగలేదు కాబట్టి మూఢనమ్మకం పోయిందని లెక్క కట్టాను. తీర్చని మొక్కు, తర్వాత చావు: ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి ఆమె చేతికి ఇచ్చింది నేనే. ఏ బాబా కూడా నా అంత గట్టి సాక్ష్యం ఆమెకు చూపించలేడు.

బావ పోయాడు. అక్క మోకాళ్లు అరిగిపోయాయి. ఈ చలికాలం నేను ఇంటికి వెళ్తే టీ ఇచ్చి, నా ముఖం చూడకుండా అడిగింది.

"నీ గుట్ట కాడికి ఇంకా పోతున్నవా?"

"పోతున్న."

"నన్ను గా కింద దర్గా కాడ దించు. నీ రాళ్లు నువ్వు చూసుకో, ఒద్దనను. ఈసారన్న జర కూసో. నేను పోకముందు."

కారు మాట్లాడుకొని పోయాం. పెద్దవాళ్లను తీసుకెళ్లేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి: కారు దర్గా దాకా పోతుంది, చీలిక దగ్గర దిగి నడవక్కర్లేదు. తలకు చేతిరుమాలు కట్టుకోవాలి. కాళ్లు కడుక్కోవడానికి గేటు పక్కనే కుళాయి ఉంది. ఆడవాళ్లు వరండాలో కూర్చోవచ్చు. నేను ఆ రోజు గుట్ట ఎక్కలేదు.

రేకుల పందిరి కింద ఒక మంగలి కత్తెర తుడుచుకుంటున్నాడు. మమ్మల్ని చూసి అలవాటుగా అడిగాడు, "పుట్టెంటికలా అమ్మా? పిల్ల ఏది?"

చెప్పాల్సింది నేనే. తలకు కట్టుకున్న చేతిరుమాలు సర్దుకున్నాను.

"పిల్ల లేదు బిడ్డా," అంది అక్క. "మేనమామ ఉన్నడు."

అతను అక్కను చూశాడు, నన్ను చూశాడు. గోనెపట్టా దులిపి పరిచి, "కూసో సార్," అన్నాడు.

చెప్పులు విడిచి బాసింపట్టు వేసుకొని కూర్చున్నాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. బిడ్డను పట్టుకునేవాళ్లకు ఆ సందేహం రాదు. అక్క ఎదురుగా గోడ పట్టుకొని నిలబడి నా ఒడివైపు చూసింది. చాలాసేపు చూసింది. ఆమెకు అక్కడ ఏం కనిపించిందో నాకు తెలియదు. నాకు నా ప్యాంటు, నా మోకాళ్లు కనిపించాయి.

"తమ్మీ, ఒకటడుగుత. అబద్ధం చెప్పకు. ఆనాడు నువ్విట్ల కూసుంటే పిల్ల బతికేదా?"

ఆ క్షణాన ఏం చెబితే ఆమెకు ఓదార్పో నాకు తెలియదు. తెలిసిందే చెప్పాను. "లేదక్కా. కూసున్నా గా జరం వచ్చేదే. మొక్కుతోటి పోలేదు. డెంగీతోటి పోయింది."

"నాకెరుకే," అంది. గొంతులో కోపం లేదు. "డాక్టర్ చెప్పిండు, నువ్వు చెప్పినవ్. కూసున్నా ఏం గాదు, కూసోకున్నా ఏం గాదు. గంత తెలిసినోనివి, మరి నాకోసం ఎందుకు కూసోలేదురా?"

నలభై ఏళ్లు ప్రశ్నలకు జవాబులు చెప్పి బతికినవాణ్ణి. వెతికాను. సిద్ధాంతం, సమాజం, బస్సు నిండా మిత్రులు. ఒక్కటీ ఆమె ముందు పెట్టడానికి పనికిరాలేదు.

ఇంకో కుటుంబం వచ్చింది. ఒక కుర్రవాడి చంకలో పాప. మంగలి నా భుజం తట్టి, "సార్, జర లేస్తరా? మేనమామ ఒచ్చిండు," అన్నాడు. మోకాళ్లు పట్టేశాయి. అతనే చంకల కింద చేతులు వేసి లేపాడు.

ఆ కుర్రవాడు పట్టా మీద కూర్చొని పాపను ఒళ్లోకి తీసుకున్నాడు. మొదటి కత్తెరకే పాప కెవ్వుమంది. అతను నవ్వుతూ దాన్ని గుండెకు అదుముకున్నాడు. అక్క గోడ వదల్లేదు. ఆ ఏడుపు ఆగేదాకా వింటూ నిలబడింది. కారు డ్రైవర్ రెండుసార్లు హారన్ కొట్టాడు. ఆగమని చేత్తో సైగ చేసి, నేనూ ఆమె పక్కనే నిలబడ్డాను.