లోపల అడిగి వస్తాను

నిన్న మధ్యాహ్నం ఒక పాత టేకు బీరువాను టెంపోలోంచి దింపించి తలుపు తెరిచాను. ముందు కలరా ఉండల ఘాటు, దాని వెనక ఎవరివో గంజి పెట్టిన బట్టల వాసన, అన్నిటికీ అడుగున తడిమట్టి చల్లదనం. చాలా ఏళ్ళుగా ఖాళీగా ఉందని అమ్మినవాడు ప్రమాణం చేశాడు. అయినా తలుపు తీయగానే, లోపల మాట్లాడుకుంటున్నవాళ్ళు నన్ను చూసి చప్పున ఆగిపోయినట్టు అనిపించింది. "యాడ పెట్టాలన్నా?" అని కూలివాడు అరుస్తున్నా నేను పలకలేదట. ఆ వాసన తగిలితే నేను బంగారుపేటలో ఉండను. రాబర్ట్‌సన్‌పేటలో, రోజమ్మ అంగట్లో ఉంటాను.

రోజమ్మ గురించి చెప్పేముందు మా ఇంటి గుట్టు ఒకటి చెప్పాలి. మా నాయనకు బంగారుపేట స్టేషన్ రోడ్డులో స్టీలు పాత్రల అంగడి ఉండేది. బేరం బిగుసుకుంటే ఆయన, "నాదేముందమ్మా, లోపల మా అన్న ఉండాడు, అడిగి వస్తా" అని తెర వెనక్కి పోయేవాడు. తెర వెనక అన్న లేడు. మా నాయన వాళ్ళింట్లో ఒక్కడే కొడుకు. అక్కడ ఉండేది మంచినీళ్ళ కుండ. కడుపునిండా నీళ్ళు తాగి, మూతి తుడుచుకుని, మొహం వేలాడేసుకుని బయటికొచ్చి "తిట్టినాడమ్మా" అనేవాడు. మా వీధిలో ప్రతి అంగడికీ ఇలాంటి అన్నో, మామో, పార్ట్‌నరో ఒకడు లోపల ఉండేవాడు. ఏ జనాభా లెక్కలకూ ఎక్కని మనుషులు. వాళ్ళందరిదీ ఒకటే గుణం: ఎప్పుడూ అంగడివాడి పక్షమే. ఈ విద్య నేను నడక నేర్చిన రోజుల్లోనే నేర్చుకున్నాను. మా నాయన పోయి అంగడి నా చేతికి వచ్చేనాటికి, నన్ను మించి నటించేవాడు జంక్షన్‌కు ఈ పక్క లేడని నా నమ్మకం.

ఆ గర్వంతోనే అద్దాల బీరువా కొనడానికి రాబర్ట్‌సన్‌పేట పోయాను. అక్కడి బంగారు గనులు మూసేశాక ఊరు వదిలి పోయేవాళ్ళు మంచాలూ బల్లలూ అయినకాడికి అమ్ముకునేవాళ్ళు. అవన్నీ చేరేది ఒక పొడుగాటి రేకుల షెడ్డుకు. దాని మీద బోర్డు: "రోజమ్మ అండ్ పార్ట్‌నర్". లోపల పైకప్పు దాకా కుర్చీలు, అద్దాలు, ఉయ్యాల తొట్లు. ఏ అద్దంలో చూసినా నా మొహం వెనక ఇంకో అద్దం, దాంట్లో వెనకకిటికీ, ఆ కిటికీలోంచి గని మట్టి తెల్ల దిబ్బలు. రోజమ్మ పొట్టి మనిషి. మెడలో నల్లదారానికి సిలువ, కొంగు నడుముకు బిగించి, నోట్లో తమలపాకు. నా చిన్నప్పుడు చూసిన ఏ అంగడివాడి మొహంలోనూ లేనిది ఆమె మొహంలో ఉంది: తొందర లేకపోవడం.

నేను అద్దాల బీరువాను చుట్టూ తిరిగి, పెదవి విరిచి, అడగడానికి నాకే సిగ్గేసేంత తక్కువకు అడిగాను. ఆమె కోప్పడలేదు. "ఉండప్పా, పార్ట్‌నర్ని అడిగి వస్తా" అని వెనక గదిలోకి పోయి తలుపు వేసుకుంది.

నాకు నవ్వొచ్చింది. లోపల నీళ్ళ కుండ ఎక్కడ ఉంటుందా అని ఊహించుకుంటూ నిలబడ్డాను. ఆమె తమిళంలో ఏదో అడిగింది. తరువాత నిశ్శబ్దం. ఒక మనిషి జవాబు చెప్పడానికి ఎంతసేపు పడుతుందో సరిగ్గా అంత నిశ్శబ్దం. మళ్ళీ ఆమె గొంతు, ఈసారి వాదిస్తున్నట్టు. మళ్ళీ నిశ్శబ్దం, ఈసారి పొట్టిది, కసిరినట్టు. మా నాయన కూడా ఇంత బాగా చేయలేదే అనుకున్నాను. రోజమ్మ బయటికొచ్చింది. మొహం నిజంగానే ముడుచుకుని ఉంది.

"నువ్వు అడిగినదానికంటే ఇంగా తగ్గించి ఇయ్యమంటాడప్పా. వెనక్కాలు పురుగు తినేసిందంట."

వంగి, గోడ వైపున్న కాలును గోటితో గీశాను. పిండి రాలినట్టు రాలింది. అంతసేపు పెదవి విరిచినవాణ్ణి, ఆ కాలు చూడనే లేదు. మా వంశంలో ఎవరికీ అడిగినదానికంటే తక్కువకు వస్తువు దొరికిన పాపాన పోలేదు. దయ్యాన్ని చూసినవాడికి ఒళ్ళు ఎలా ఉంటుందో తెలియదు గానీ, ఆ ధరకు ఆ బీరువా తీసుకుంటుంటే నాకు చేతులు చల్లబడ్డాయి.

"లోపల ఎవరమ్మా ఉండేది?" అన్నాను.

"మైకేలు. నేనూ ఆయనా కలిసి పెట్టిందే గదా ఈ అంగడి."

"ఒకసారి బయటికి పిలవండి, దండం పెట్టుకుంటా."

"యాడ వస్తాడప్పా? పోయి శానా ఏండ్లాయె" అంది, రైలు పోయిందని చెప్పినంత మామూలుగా.

ఆ తరువాత ఏదో ఒక సాకుతో రాబర్ట్‌సన్‌పేట పోతూనే ఉన్నాను. వ్యాపారం నేర్చుకోవడానికి అని ఇంట్లో చెప్పేవాణ్ణి. అది సగం నిజం. నిజంగానే ఆమె నేర్పింది. కొయ్యను మెటికతో కొట్టి వినడం, పాలిష్ కింద దాచిన అతుకును వేలితో పట్టడం. "ఏడ్చే ఇంట్లో బేరం చెయ్యద్దప్పా, ఆ మంచం మీద కొన్నోడు కూడా పండుకోలేడు" అనేది. మిగతా సగం ఆ మూసిన తలుపు.

మైకేలు గనిలో టింబర్‌మేన్‌గా చేసినవాడు. భూమి లోపల తవ్విన దారులు కూలకుండా దుంగలు నిలబెట్టే పని. గని మూతపడ్డాక రోజమ్మతో కలిసి ఈ పాత సామాన్ల వ్యాపారం మొదలుపెట్టాడు. ఒక మధ్యాహ్నం భోంచేసి, వెనక గదిలో పేము కుర్చీలో కునుకు తీస్తూ అలాగే పోయాడు. ఇది ఆమె నాకు చెప్పిన రోజు ఒక సంగతి జరిగింది. మేం కాఫీ తాగుతుండగా కాళ్ళ కింద ఏదో దొర్లినట్టయింది. ఆ వెంటనే షెడ్డులో ఉన్న బీరువాల ఇత్తడి పిడులన్నీ ఒక్కసారిగా గలగలమన్నాయి. ఒక అలమర తలుపు తనంతట తానే తెరుచుకుంది. నేను గ్లాసు వదిలేశాను. రోజమ్మ కదల్లేదు.

"కింద సర్దుకుంటాదప్పా. పాత దారులు గదా, నీళ్ళు నిండినాయి" అని, లేచి పోయి అలమర తలుపు మూసి వచ్చింది. "మైకేలు ఏమనేవాడో తెలుసునా? భూమి పడేది ఎవురికీ చెప్పి పడదంట. దుంగ మట్టుకు ముందే కిర్రుమంటాదంట. ఆ చప్పుడు విని పరిగెత్తినోడు బతికినాడు. పార్ట్‌నర్ అంటే అట్ల ఉండాలప్పా. నువ్వు పడబోతావుండావని నీకు ముందే వినపడేటట్టు కిర్రుమనాల. ఎప్పుడూ సరే సరే అనేది దుంగ కాదు, దూది."

"మైకేలు ఇప్పుడు కూడా కిర్రుమంటాడా అమ్మా?" అన్నాను, నవ్వుతాలుగా.

"నువ్వే పోయి అడుగు" అంది.

పోకపోతే పిరికివాడినంటుంది. పోయాను. చిన్న గది, ఒకటే కిటికీ. టేబుల్ ఫ్యాను తల తిప్పకుండా పేము కుర్చీ వైపే తిరుగుతోంది. కుర్చీలో పేము మనిషి బరువుకు దిగినట్టు దిగి ఉంది. ఎదురుగా ఉన్న స్టూలు మీద కూర్చున్నాను. బయటికి పోయి చెప్పడానికి ఒక మంచి మాట ముందే తయారు చేసుకున్నాను, 'కుర్రాడు గట్టివాడు, చేర్చుకో' అన్నాడని. నాకు నేనే చేసుకున్న సిఫారసు. గొంతు సవరించుకుని, "అయ్యా, నేను వ్యాపారంలో పైకి వస్తానా?" అన్నాను. నా గొంతు నాకే ఎవరిదోలా వినపడింది. అప్పుడు పేము కిర్రుమంది. ఎండకు కొయ్య సాగితే పేము చప్పుడు చేస్తుంది, నాకు తెలుసు. కానీ నేను విన్నది, కూర్చున్న మనిషి కొంచెం ముందుకు వంగితే వచ్చే చప్పుడు.

బయటికొచ్చేసరికి తయారు చేసుకున్న మాట ఎక్కడికో పోయింది.

"ఏమన్నాడు?"

"ఏమీ అనలేదమ్మా. కుర్చీ చప్పుడైంది, అంతే."

రోజమ్మ నన్ను కాసేపు చూసి, "రేపటి నుంచి నాతో ఇండ్లు చూసేదానికి రా" అంది.

అలా రెండు అంగళ్ళ మధ్య తిరుగుతున్న రోజుల్లో ప్రకాశ్ తగిలాడు. ఇస్త్రీ చొక్కా, చల్లని మాట. హైవే పక్కన పెద్ద ఫర్నిచర్ షోరూం పెడదాం అన్నాడు. స్థలం ఆయన చూస్తాడు, నేను స్టేషన్ రోడ్డు అంగడి అమ్మి పెట్టుబడి తేవాలి. మా అమ్మ, నా పిల్లలు, నేను తింటున్నది ఆ ఒక్క అంగడి మీదే. అది పోతే మళ్ళీ కొనే తాహతు నాకు ఏ జన్మకూ రాదు. అయినా నాకు ఆశ పుట్టింది. నేను ఏ షరతు పెట్టినా ప్రకాశ్ "సరేన్నా" అనేవాడు. బేరగాడికి అంతకంటే తీపి మాట ఏముంది? ఏది అడిగినా ఒప్పుకుంటుంటే నా తెలివికి నేనే మురిసిపోయాను.

సంతకాలకు ముందు రోజమ్మకు చూపించాలని ఆయన్ను రాబర్ట్‌సన్‌పేట తీసుకుపోయాను. ఆమె కాఫీ తెప్పించింది, అంతా విన్నది. తరువాత లేవకుండానే, "మా పార్ట్‌నర్ లోపల ఉండాడు. ఆయన్నొక మాట అడిగి రాప్పా" అంది ప్రకాశ్‌తో.

ప్రకాశ్ హుషారుగా లోపలికి పోయాడు. తలుపు మూసుకుంది. నేను చెవులు రిక్కించాను. మాట వినపడలేదు, పేము కిర్రుమనలేదు. ఫ్యాను చప్పుడు కూడా ఆగిపోయినట్టుంది. షెడ్డులోని అద్దాలన్నిటిలోనూ ఆ మూసిన తలుపే కనిపిస్తోంది. ప్రకాశ్ నవ్వుతూ బయటికొచ్చాడు.

"మాట్లాడినానమ్మా. పెద్దాయన శానా సంతోషపడినాడు. మంచి పని, ఆలస్యం చెయ్యద్దు అన్నాడు."

"అట్లనా? ఏ భాషలో అన్నాడు?"

"తెలుగులోనే గదమ్మా. ఇంగ ఏ భాషలో అంటాడు?"

రోజమ్మ తమలపాకు నమలడం ఆపింది. "మా మైకేలుకు తెలుగు రాదే" అంది మెల్లగా.

ప్రకాశ్ పెద్దగా నవ్వాడు. "భలే దానివమ్మా! ఖాళీ కుర్చీకి పంపి తమాషా చేస్తివి" అన్నాడు. పోయేటప్పుడు నా భుజం తట్టి, "ముసలామె మాట పట్టించుకోవద్దన్నా, సోమవారం కలుద్దాం" అన్నాడు.

నిజం చెప్పాలంటే నేనూ పట్టించుకోలేదు. కానీ మర్నాడు పొద్దున మార్కెట్లో, మా అంగడి పక్క స్థలం ఉన్న పెద్దమనిషి ఎదురై చెయ్యి పట్టుకున్నాడు. "అమ్మేసేదానికి ఒప్పుకుంటివంట గదా. మొన్న ప్రకాశ్ వచ్చి చెప్పినాడులే. మీ నాయన పోయినప్పటి నుంచి ఆ అంగట్లో కూర్చునేదానికి నీకు మనసే లేదని ఏడిస్తివంటనే" అన్నాడు.

నేను ఏడవలేదు. ఆ మాట అనలేదు. అక్కడ నేను లేను. కానీ లేనిచోట కూర్చుని మాట్లాడాను, ఒప్పుకున్నాను, కన్నీళ్ళు కూడా పెట్టుకున్నాను. మార్కెట్ అంతా టమాటాల అరుపులు, ఎండ, జనం. వాళ్ళ మధ్య నిలబడి, తెర వెనక అన్న నేనే అయిపోయినట్టు, నీళ్ళ కుండ పక్కన నన్నెవరో నిలబెట్టి పోయినట్టు అనిపించింది.

సోమవారం కలవనని ప్రకాశ్‌కు ఫోన్లో చెప్పి, తిన్నగా రోజమ్మ దగ్గరికి పోయాను. "ఏం పరీక్ష పెడితివమ్మా!" అన్నాను. "లేనోడి నోట్లో మాట పెట్టేవాడు ఎవరి నోట్లో అయినా పెడతాడు. నన్ను లోపలికి పంపింది కూడా దీనికే కదా? నీ తెలివికి నేను శిష్యుణ్ణి."

రోజమ్మ నన్ను వింతగా చూసింది.

"ఏం పరీక్షప్పా? నాకా తెలివి యాడుండాది? ఆ పొద్దు మీరు పోయినంక లోపలికి పోయి అడిగినా. 'వాడు వచ్చి నా కుర్చీలో కూర్చున్నాడు రోజా' అన్నాడు. కుర్చీ తుడిచి పెట్టమన్నాడు. తుడిచినా."

ప్రకాశ్ ఎక్కడ కూర్చున్నాడో ఆమె చూడలేదు, నేనూ చూడలేదు. తలుపు మూసి ఉంది.

"ఇంగ వేరే పార్ట్‌నర్ యాల నీకు?" అంది. "అంగడి అమ్మద్దు. ఆడనే సగం పాత్రలు పెట్టు, సగం నా సామాన్లు పెట్టు. నేను ఉండా గదా. నచ్చకపోతే కిర్రుమంటా."

ఉన్నన్నాళ్ళూ కిర్రుమంటూనే ఉంది. నేను అత్యాశకు పోయిన ప్రతిసారీ, కస్టమర్ ముందే, సిగ్గుపడేలా. ఆ చప్పుడు మీదే నా వ్యాపారం నిలబడింది. పోయిన ఏడాది ఆమె పోయింది. షెడ్డు ఖాళీ చేసేటప్పుడు ఆ గదిలోని పేము కుర్చీని ఎవరికీ అమ్మబుద్ధి కాలేదు. తెచ్చి మా అంగట్లో తెర వెనక వేశాను. నీళ్ళ కుండను అక్కడి నుంచి తీసేశాను.

ఇప్పుడు బేరం బిగుసుకుంటే నేనూ లోపలికి పోతాను. నిజంగానే అడుగుతాను, నోరు తెరిచి, నా మీద నాకే నవ్వొచ్చేలా. మాట వినపడదు. కానీ పైకి గట్టిగా అడిగేసరికి, ఏ ధర అన్యాయమో నాకే తెలిసిపోతుంది. బయటికొచ్చి తగ్గించి ఇచ్చిన రోజులున్నాయి. మా నాయన చూసి ఉంటే నన్ను ఇంట్లోంచి గెంటేసేవాడు.

మొన్న బూదికోట నుంచి వచ్చిన ఒకాయన మంచం బేరం చేసి, నేను తెర వెనక నుంచి రాగానే కన్ను గీటాడు. ఆయనా అంగడివాడే, వాలకం చూస్తేనే తెలుస్తుంది. "మాకు తెల్దా శెట్టీ? లోపల ఎవురూ లేరు గదా?" అన్నాడు.

జీవితమంతా లోపల ఎవరో ఉన్నారని బొంకినవాణ్ణి. 'లేరు' అని ఒక్క మాట అనేస్తే పోయేది. నోరు తెరిచాను కూడా. అదే అబద్ధమవుతుందేమోనని భయం వేసి, ఊరుకున్నాను.