‘నో ఫీల్’ అన్న జవాబు

శ్రావణమాసం రెండో మంగళవారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలు. ఆకాశమంతా మబ్బు పట్టి ఉంది. గాలి లేదు, చినుకు పడలేదు, ఉక్క మాత్రం విపరీతంగా ఉంది. నరసరావుపేటలో ఒక నరాల వైద్యుని గదిలోకి నా భార్యను పిలిచిన సమయం అది. సాగర్ కుడికాలువ మీద ముప్పై ఒక్క సంవత్సరాలు నీటిమట్టాలు నమోదు చేసినవాణ్ణి కనుక, వేళ చెప్పకుండా ఏ సంగతి చెప్పినా నాకు సగమే చెప్పినట్టుంటుంది.

ఆమెకు రెండు నెలలుగా నడుము నుంచి ఎడమ పిక్క దాకా లాగుతూ ఉంది. కారంపూడిలో వాడిన మాత్రలతో తగ్గలేదు. అయితే ఆమె భయం నొప్పి గురించి కాదు. వాళ్ళ పిన్ని ఒకావిడ నడుముకు ఆపరేషన్ చేయించుకుని ఆ తరువాత మంచం దిగలేదు. అందుకని బస్సులోనే నాకు గట్టిగా చెప్పింది.

“మాత్రలిస్తే మింగుతా, సూదులేస్తే వేయించుకుంటా. కోత అంటే మాత్రం నేను రాను. ముందే చెప్తున్నా, తర్వాత మీ ఇష్టం.”

వైద్యుడు ఉత్తరాది యువకుడు, ఈ ఊరికి వచ్చి మూడు నెలలయిందట. తెలుగు కొంచెం, ఇంగ్లీషు ఎక్కువ. రోగులకు తెలుగులో చెప్పే నర్సు ఆ రోజు సెలవు. పక్క వీధిలో తీయించిన ఎక్స్‌రే ఫిల్ము అప్పటికి తయారై ఉంటుందని, దానిని తెమ్మని నన్ను పంపాడు. నేను కొంచెం సందేహించాను.

“మీరు పోయి రండి. నాకు ఆమాత్రం ఇంగ్లీషు రాదా ఏంది?” అంది మా ఆవిడ. పదో తరగతి మొదటి శ్రేణిలో పాసయిన సంగతి ఆమె ఎన్నడూ మరిచిపోలేదు.

ఇరవై అయిదు నిమిషాల తరువాత నేను తిరిగి వచ్చేసరికి పరీక్ష ముగిసింది. వైద్యుడు ఫిల్మును వెలుతురులో పెట్టి చూసి, ముఖం గంభీరంగా పెట్టాడు.

“సార్, ఎడమ కాలికి టచ్ తెలవడం లేదు. నీడిల్ పెట్టి చూశాను. అన్ని చోట్లా జీరో. నరం బాగా ప్రెస్ అయింది. ఈ రోజే గుంటూరు వెళ్ళి అడ్మిట్ అవండి. స్కాన్ తీస్తారు, ఆపరేషన్ కావాలి అనుకుంటున్నా. లేట్ చేస్తే కాలు పడిపోతుంది.”

“ఒక్క చోట కూడా తెలియలేదా?” అని అడిగాను.

“జీరో సార్.”

ఆ కాలితోనే ఆమె బస్సు దిగి నడిచి వచ్చింది. అయినా సున్నా అన్న అంకెను నేను ప్రశ్నించలేదు. అంకె మీద నాకున్న గౌరవం అటువంటిది. గుంటూరు ఆసుపత్రికి ఆయన రాసిచ్చిన చీటీ తీసుకుని బస్టాండుకు వచ్చాము. దారి పొడుగునా ఆమె వాళ్ళ పిన్నినే తలుచుకుని కళ్ళు ఒత్తుకుంటూ వచ్చింది.

గుంటూరులో ఉన్న బావమరిదికి ఫోను చేశాను. విషయం విని అతను ముందు కంగారుపడ్డాడు, వెంటనే అలిగాడు.

“ఏంది బావా, అక్కకి ఇంత జరుగుతుంటే నాకొక్క మాట చెప్పరా? నేనేమన్నా పరాయోణ్ణా? చానా ఫీలయ్యా బావా.”

“ఇప్పుడు చెప్తున్నాం గదయ్యా.”

“బస్టాండుకొచ్చాక చెప్పేది ఏంది? పేటకి బయల్దేరేటప్పుడే చెప్పాలిగా! నిజంగా ఫీలయ్యా.”

ఫోను పెట్టేశాక మా ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది. “వీడికి చిన్నప్పటి నుంచీ ఇంతే. ఊ అంటే ఫీలవుతాడు. ఆ డాక్టరబ్బాయిని చూసి నేర్చుకోవాలి. ఎంత మర్యాదండీ! గుచ్చినప్పుడల్లా ‘ఫీల్ అమ్మా? ఫీల్ అమ్మా?’ అని అడగటమే.”

“నువ్వేమన్నావు?”

“ఏమంటా? నో ఫీల్, నో ఫీల్ అన్నా. వైద్యం చేసేవాడు గుచ్చకుండా ఉంటాడా? దానికి నొచ్చుకుంటామా? పెద్దదాన్ని గుచ్చాల్సి వచ్చిందే అని పాపం ఆ పిల్లాడే బాధపడుతుంటే.”

“అయితే గుచ్చినట్టు నీకు తెలిసిందా?”

“తెలియక? సూదండీ అది, నెమలీక కాదు. ఒకచోట అమ్మో అని అరవబోయి, బాగుండదని పళ్ళు బిగబట్టా.”

గుంటూరు బస్సు వచ్చి మా ముందే ఆగింది. మేము ఎక్కలేదు.

మేము తిరిగి వెళ్ళేసరికి వైద్యుడు మధ్యాహ్నం భోజనానికి వెళ్ళిపోయాడు, నాలుగింటికి గాని రాడన్నారు. గది బయట బల్ల మీద కూర్చుని, ఆ ఇంగ్లీషు క్రియకు తెలుగులో ఎన్ని మాటలు కావాలో ఆలోచించాను. బట్టల కొట్లో చీర అంచును వేళ్ళతో తడిమి చూడటం ఆ క్రియే. ఒక పని మంచిదనో కాదనో అనిపించడం కూడా ఆ క్రియే. ఎదుటివారి కష్టానికి జాలిపడటం, ఒంటికి తగిలినది తెలియడం అన్నీ దానిలోనే ఇమిడిపోతాయి. చలి, ఆకలి, సిగ్గు విషయంలో మాత్రం మన వాడుక వేరు. అవి మనకు ‘వేస్తాయి’. మనిషి చేసేది ఏమీ ఉండదు, అవే వచ్చి మీద పడతాయి.

ఇంగ్లీషువారు ఆ క్రియ పక్కన సంతోషమో బాధో ఏదో ఒకటి విడిగా చెప్పుకుంటారు. మనవాళ్ళు ఆ పక్కమాటను తీసేసి, బాధను క్రియ లోపలే కూరేశారు. పక్కన ఏ మాటా లేకుండా ‘ఫీలయ్యాడు’ అంటే కారంపూడి నుంచి క్రోసూరు దాకా ఒకటే అర్థం: నొచ్చుకున్నాడు. శుభలేఖ ఫోనులో పంపితే ఫీలవుతారు. పెళ్ళిలో రెండో పంక్తి దాకా నిలబెడితే ఫీలవుతారు. మొహం మీద చేదు మాట అనబోయేవాడు ముందుగా ‘ఏమీ ఫీలవ్వమాకండి’ అంటాడు. ఇంటికి వచ్చాక నా దగ్గరున్న రెండు నిఘంటువులూ తిరగవేశాను. ఈ అర్థం ఒక్కదానిలోనూ లేదు. ఆమె చెప్పిన జవాబు మాత్రం మన వాడుకను బట్టి తప్పు లేనిది, పైగా ఎంతో మర్యాదైనది.

నాలుగు గంటల పది నిమిషాలకు వైద్యుడు వచ్చాడు. సంగతి వివరించాను. అతను కుర్చీలో వెనక్కి వాలాడు.

“మూడు నెలలుగా నేను అందరినీ అదే అడుగుతున్నా సార్!” అని, వెంటనే “కాదు కాదు, నర్సు ఉంటే ఆమే తెలుగులో అడుగుతుంది. ఈ రోజే లేదు” అని తనకు తనే ధైర్యం చెప్పుకున్నాడు. “మరి తెలుగులో ఏమని అడగాలి?”

“తెలిసిందా అనండి. చాలు.”

ఆమెను మళ్ళీ పడుకోబెట్టి కళ్ళు మూసుకోమన్నాడు. ఈసారి నేను పక్కనే నిలబడ్డాను.

“తెల్సిందా అమ్మా?”

“తెల్సింది.”

“ఇక్కడ?”

“తెల్సింది నాయనా.”

“ఇక్కడ?”

“అబ్బా! తెల్సిందయ్యా, బాగానే తెల్సింది. ఇప్పుడు మాత్రం నిజంగా ఫీలయ్యా!”

వైద్యుడు సూది పక్కన పెట్టి, నవ్వు ఆగాక మళ్ళీ మొదలుపెట్టాడు. కాలి బొటనవేలిని పైకి లేపమన్నాడు, కిందికి నొక్కమన్నాడు. ఉదయం రాసిచ్చిన చీటీని వెనక్కి తీసుకుని చింపేశాడు. నరం కొద్దిగా ఒత్తుకున్నదని, మాత్రలు, వ్యాయామాలు చాలునని, నెల తరువాత మళ్ళీ చూపించమని, ఆపరేషన్ ప్రసక్తి లేదని చెప్పాడు. ఆ చివరి మాటను ఆమె అతని చేత రెండుసార్లు చెప్పించుకుంది.

అతను గుచ్చినది పదహారు చోట్ల. ఉదయం లెక్కలో తెలిసినవి సున్నా. సాయంత్రం నేను లెక్కపెట్టినవి పదిహేను. తెలియనిది మడమ మీద చర్మం మొద్దుబారిన చోటు ఒక్కటే.